కుర్చీ జరుపుకునే హక్కు

1950లలో కెనడాలోని సస్కాచెవాన్‌లో ఒక మానసిక చికిత్సాలయం వృద్ధ స్త్రీల వార్డును బాగుచేయించింది. గోడలకు కొత్త రంగులు వేశారు, కొత్త కుర్చీలు తెచ్చారు. చూడవచ్చినవాళ్లకు ముచ్చటేసేది కానీ, లోపల ఉన్నవాళ్లు మాత్రం పొద్దస్తమానం నోరు విప్పకుండా కూర్చునేవారు. అక్కడి వైద్యుడు హంఫ్రీ ఆస్మండ్ ఈ సంగతేమిటో చూడమని రాబర్ట్ సోమర్ అనే యువ మనస్తత్వ శాస్త్రవేత్తకు అప్పగించాడు. కుర్చీలన్నీ గోడల వెంట వరసగా వేసి ఉన్నాయి. ఊడ్చేవాళ్లకూ అటూఇటూ తిరిగే సిబ్బందికీ అదే అనువు. పక్కనున్నామెతో మాట్లాడాలంటే మెడ తిప్పుకోవాలి, ఎదుటి వరసకు వినబడాలంటే గొంతు పెంచాలి. సోమర్ చిన్న చదరపు బల్లలు తెప్పించి చుట్టూ కుర్చీలు వేయించాడు. మొదట్లో అది సిబ్బందికీ నచ్చలేదు, రోగులకూ నచ్చలేదు. అలవాటు పడ్డాక మాత్రం వార్డులో మాటలు రెట్టింపయ్యాయి, చదవడం మూడింతలైంది.

నగరాల్లో జనం కలిసి కూర్చునే చోట్ల గురించి డెబ్బై ఏళ్లుగా సాగుతున్న చర్చకు ఒక వేరు ఈ వార్డులో ఉంది. రైల్వే వెయిటింగ్ హాలు లాంటి అమరిక మనుషుల్ని విడదీస్తుందని, వీధి పక్క కాఫీ హోటలు బల్లల్లాంటివి దగ్గరికి చేరుస్తాయని ఆస్మండ్ తేల్చాడు. ఆస్పత్రి భోజనశాలలో వాళ్లు లెక్కపెట్టిన ఇంకో విషయాన్ని మానవశాస్త్రవేత్త ఎడ్వర్డ్ హాల్ 1966 నాటి తన పుస్తకం ‘ది హిడెన్ డైమెన్షన్’లో నమోదు చేశాడు. బల్లకు అటొకరు ఇటొకరు ఎదురెదురుగా కూర్చున్నప్పటి కంటే పక్కపక్కన కూర్చున్నప్పుడు మాటలు మూడు రెట్లు ఎక్కువ. బల్ల మూలకు అటూ ఇటూ కూర్చుంటే అంతకు మళ్లీ రెండు రెట్లు. ఇవాళ పార్కుల్లో కనిపించే ఎల్ ఆకారపు బెంచీల వెనక ఉన్న తర్కం ఇదే. అయితే ఆ వార్డులోని స్త్రీలు రోజూ ఒకే కప్పు కింద బతికేవాళ్లు, ఒకరినొకరు ఎరిగినవాళ్లు. బస్సు కోసం ఆగిన మనిషికి మూల బెంచీ వేసినంత మాత్రాన పక్కవాడితో మాట్లాడాలనిపించదు. సోమర్ గమనింపును సూత్రంగా మార్చేసిన డిజైనర్లు ఈ తేడాను తరచుగా మర్చిపోయారు.

వీధిలోకి వచ్చి చూసినవాడు నగర పరిశీలకుడు విలియం వైట్. 1961లో న్యూయార్క్ నగరం భవన నిర్మాణ నిబంధనల్లో బిల్డర్లకు ఒక ఆశ చూపింది. జనానికి ఒక చదరపు అడుగు ఖాళీ జాగా వదిలితే పది చదరపు అడుగులు అదనంగా కట్టుకోవచ్చు. ఆకాశహర్మ్యాల ముందు చదునుగా, నున్నగా ప్లాజాలు వెలిశాయి. వాటిలో చాలా చోట్ల పిట్ట కూడా వాలలేదు. వైట్ 1970ల మొదట్లో కుర్రాళ్ల బృందాన్ని వెంటేసుకుని, భవనాల మీద కెమెరాలు బిగించి, ఎవరు ఎక్కడ ఎంతసేపు కూర్చుంటున్నారో లెక్కపెట్టించాడు. ఒక ప్లాజా కిటకిటలాడుతుంటే పక్కదెందుకు బోసిగా ఉందన్నది అతని ప్రశ్న. ఎండ, ఆకారం, వైశాల్యం వంటి కారణాలన్నీ కొంతవరకే నిలిచాయి. చివరికి తేలింది మరీ మామూలు సంగతి: కూర్చోవడానికి చోటున్న చోట జనం కూర్చుంటారు. అంత తెలిసిన విషయమే అయినా 1975లో నగరం నిబంధనను సవరించి, ప్రతి 30 చదరపు అడుగుల ప్లాజాకు ఒక అడుగు పొడవున కూర్చునే చోటు ఉండి తీరాలని రాయాల్సి వచ్చింది. ఈ పరిశీలన మీద 1980లో వచ్చిన అతని చిన్న పుస్తకం, దానికి తోడుగా తీసిన సినిమా ఇప్పటికీ ఈ రంగంలో మొదటి పాఠాలు.

ఆ సినిమాలో మరిచిపోలేని దృశ్యాలు కుర్చీలవి. కదిలే కుర్చీ దొరికిన మనిషి కూర్చునే ముందు దాన్ని ఓ నాలుగంగుళాలు అటో ఇటో జరుపుతాడు. చాలాసార్లు ఆ జరపడానికి కారణం కనబడదు, కుర్చీ దాదాపు మొదటున్న చోటే ఉంటుంది. ఎండ కోసమో నీడ కోసమో జరిపేవాళ్లు ఉన్నారు. వాళ్లు కాక, తనకు జరిపే వీలుందని తెలియడమే చాలినవాళ్లు ఉన్నారు. అప్పటికే ఒకరు కూర్చున్న చోట ఇంకొకరు వచ్చి తన కుర్చీని కాస్త పక్కకు తిప్పుకోవడంలో పలకరింపు ఉంది, మీ ఏకాంతానికి అడ్డురాననే మాటా ఉంది. నేలకు బిగించిన బెంచీ ఈ రెండూ చెప్పనివ్వదు, దాని మీద దూరమెంతో డిజైనరు ముందే తేల్చేశాడు. పరిచయం లేనివాళ్ల మధ్య మాట పుట్టాలంటే మాట్లాడకుండా ఉండే స్వేచ్ఛ ముందు ఉండాలి. కూర్చునే చోట్ల మీద వచ్చిన రచనలన్నిటిలో నాకు అన్నిటికంటే పనికొచ్చిందిగా తోచేది ఈ గమనింపే.

యూరప్‌కు ఇది కొత్త కాదు. పారిస్ లక్సెంబర్గ్ తోటలో కదిలే ఇనుప కుర్చీలు ఎన్నో తరాలుగా ఉన్నాయి. 1970ల దాకా వాటికి అద్దె కట్టాలి, చీటీలు చింపే ఆడవాళ్లు తోటంతా తిరిగేవారు. కోపెన్‌హాగన్ వాస్తుశిల్పి యాన్ గేల్ 1971లో రాసిన పుస్తకంలో, నడిచే జనానికి ఎదురుగా ఉన్న బెంచీలు నిండుతాయని, జనానికి వీపు తిప్పిన బెంచీలు ఖాళీగా ఉంటాయని, వెనక గోడో చెట్టో ఆసరాగా ఉండే అంచులనే మనుషులు ఎంచుకుంటారని చూపాడు. తర్వాత వచ్చిన డిజైన్ పుస్తకాలు చాలావరకు వైట్, గేల్‌లనే తిరగరాశాయి.

అసలు పరీక్ష న్యూయార్క్ బ్రయంట్ పార్కులో జరిగింది. 1970లలో అది మత్తుమందుల వ్యాపారుల అడ్డా. ఎత్తయిన ప్రహరీ, దట్టమైన పొదలు ఉండటంతో లోపలున్నది బయటికి కనబడదు. వైట్ సలహాతో పార్కును 1988లో మూసి, పొదలు తీసేసి, దారులు తెరిచి 1992లో మళ్లీ తెరిచారు. గొలుసులు లేని ఆకుపచ్చ మడత కుర్చీలను వందలకొద్దీ పచ్చిక చుట్టూ వదిలారు. ఎత్తుకుపోతారని భయపడ్డారు గానీ కుర్చీలు నిలిచాయి, జనమూ వచ్చారు. ఈ కథను కుర్చీ విజయంగా చెప్పడం పరిపాటి. అయితే ఆ పార్కును నడిపేది చుట్టుపక్కల భవనాల యజమానులు కట్టే రుసుముతోనూ ఇతర రాబడితోనూ పనిచేసే ఒక లాభాపేక్ష లేని ప్రైవేటు సంస్థ. పొద్దున్నే కుర్చీలు సర్దేవాళ్లు, విరిగినవి తీసేసేవాళ్లు, చెత్త ఎత్తేవాళ్లు, కాపలా తిరిగేవాళ్లు అందరూ ఆ సంస్థ జీతగాళ్లే. షారన్ జూకిన్ లాంటి సమాజ శాస్త్రవేత్తలు ఇక్కడే తప్పుపట్టారు: ఊరుమ్మడి స్థలం ప్రైవేటు చేతికి పోయిందని, డబ్బున్నవాడి అభిరుచే అక్కడ మర్యాద అయిందని. ఆ అభ్యంతరంలో బలం ఉంది. కానీ మన మున్సిపాలిటీలకు అందులో ఉన్న పాఠం వేరు. కదిలే కుర్చీకి ఇనుము ఖర్చు తక్కువ, మనిషి ఖర్చు ఎక్కువ. ఆ మనిషి జీతం లెక్క రాయకుండా కుర్చీలు మాత్రం కొంటే ఆరు నెలల్లో అవి స్టోర్ రూములో ఉంటాయి.

తర్వాతి ప్రయోగాల్లో కొన్ని సరదావి. వియన్నా మ్యూజియమ్స్ క్వార్టియర్ ఆవరణలో 2002 నుంచి ఎంజీలు అనే పెద్ద దిమ్మల్లాంటి ఆసనాలు ఉన్నాయి. పడుకోవచ్చు, చేరగిలబడవచ్చు, కలిపి కొత్త ఆకారాలు పేర్చవచ్చు. 2009లో న్యూయార్క్ టైమ్స్ స్క్వేర్ దగ్గర బ్రాడ్వేను వాహనాలకు మూసినప్పుడు శాశ్వత బెంచీలకు సమయం చాలక చవకరకం మడత కుర్చీలు తెచ్చి నడిరోడ్డు మీద వేశారు. పత్రికలు కుర్చీలను వెక్కిరించాయి, రోడ్డు మూసిన సంగతి మీద మాత్రం అంత గొడవ కాలేదు. డెన్మార్క్ కళాకారుడు యెప్పె హైన్ బెంచీలను మెలితిప్పి, మధ్యలో లోతుగా వంచి, కూర్చున్నవాళ్లు ఒకరి మీదికి ఒకరు జారేలా చేశాడు. నవ్వొస్తుంది, ఫోటో తీసుకుంటాం. మోకాళ్ల నొప్పులున్న మనిషి రోజూ సాయంత్రం వచ్చి కూర్చునే చోటు మాత్రం అది కాదు.

మాటలనే నేరుగా గురిపెట్టిన ప్రయత్నాలు ఇంకో దారి. 2019లో ఇంగ్లండ్‌లోని బర్న్‌హామ్-ఆన్-సీలో, పలకరిస్తే అభ్యంతరం లేనివాళ్లు ఇక్కడ కూర్చోండి అనే అర్థం వచ్చే బోర్డును బెంచీకి తగిలించారు. ఒంటరి వృద్ధుల కోసం మొదలైన ఆలోచన అది. జింబాబ్వేలో మానసిక వైద్యుడు డిక్సన్ చిబాండా 2006లో మొదలుపెట్టిన స్నేహపు బెంచీ ఇంకా లోతైనది. ఆరోగ్య కేంద్రాల ఆవరణలో ఒక చెక్క బెంచీ, దాని మీద శిక్షణ పొందిన పెద్దవయసు ఆడవాళ్లు. దిగులుతో వచ్చినవాళ్లు వాళ్ల పక్కన కూర్చుని చెప్పుకుంటారు. దీనివల్ల కుంగుబాటు లక్షణాలు తగ్గాయని 2016లో వైద్య పత్రిక ‘జామా’లో అచ్చయిన అధ్యయనం చూపింది. ఇక్కడ బెంచీ ఒక మిష మాత్రమే, పని చేసింది పక్కన కూర్చున్న అవ్వ.

డిజైన్ మాటల్ని పుట్టించగలదో లేదో గానీ, మనుషుల్ని విడదీయడంలో దానికి తిరుగులేదు. 2012లో లండన్ కామ్డెన్‌లో వెలిసిన కాంక్రీట్ బెంచీ మీద పడుకోలేరు, స్కేట్‌బోర్డు తిప్పలేరు, ఏదీ దాచలేరు. హాయిగా కూర్చోవడమూ కష్టమే. బెంచీ మధ్యలో బిగించే ఇనుప చేతులది ఇదే జాతి. 2022లో తిరువనంతపురంలో ఇంజనీరింగ్ కాలేజీ దగ్గర బస్‌ షెల్టర్‌లోని పొడవాటి బెంచీని అబ్బాయిలూ అమ్మాయిలూ పక్కపక్కన కూర్చోకుండా మూడు విడి సీట్లుగా కోసేశారు. విద్యార్థులు ఒకరి ఒళ్లో ఒకరు కూర్చుని ఫోటోలు పెట్టారు. మేయర్ స్వయంగా వచ్చి చూసి కొత్త షెల్టర్ కట్టిస్తామన్నారు. అంతకు ఏడాది ముందు హైదరాబాద్ ఇందిరా పార్కు గేటు దగ్గర పెళ్లికాని జంటలకు ప్రవేశం లేదని బోర్డు పెట్టి, జనం మండిపడ్డాక తీసేశారు. సీటు కొయ్యడమైనా బోర్డు కట్టడమైనా చెప్పేది ఒకటే. ఎవరు ఎవరి పక్కన కూర్చోవాలన్నది కూర్చునేవాళ్లు తేల్చుకోకూడదట. అయితే ఇనుప చేతుల సంగతి అంత సులువుగా తేలేది కాదు. పడుకునేవాణ్ని లేపేసే ఆ చెయ్యే డెబ్బై ఏళ్ల మనిషి పట్టుకుని పైకి లేవడానికి ఆసరా. చివర్లలో పెడితే ఇద్దరికీ పనికొస్తుంది. మధ్యలో పెట్టారంటే ఉద్దేశం తెలిసిపోతోంది.

ఇక మన దగ్గరికి వస్తే, మన ఊళ్లకు కదిలే కుర్చీలు, పేర్చే దిమ్మలు కొత్తగా నేర్పాల్సినంత కొరత లేదు. వీధి అరుగు ఇంటివాళ్ల సొత్తే, కానీ దారిన పోయేవాడు అడక్కుండా కూర్చునేవాడు. పొద్దున పేపరు, మధ్యాహ్నం కునుకు, సాయంత్రం చిక్కుడుకాయలు ఒలుస్తూ లోకాభిరామాయణం అన్నీ దాని మీదే. ఒకప్పుడు బడి కూడా దాని మీదే సాగింది. దొరలు పయల్ స్కూళ్లని రాసిన వీధి బడులు అవే. అరుగు కదలదు. అయినా రోజుకు నాలుగు అవతారాలెత్తుతుంది, కారణం దాని వెడల్పు. ఫ్యాక్టరీ బెంచీ పదిహేను, పదహారు అంగుళాల లోతుంటుంది. కాళ్లు కిందికి వేలాడేసి ముందుకు చూస్తూ కూర్చోవడం తప్ప అది ఇంకేదీ ఒప్పుకోదు. రెండున్నర అడుగుల వెడల్పుంటే మఠం వేసుక్కూర్చోవచ్చు, ఒక కాలు పైన పెట్టుకుని పక్కవాడి వైపు తిరగొచ్చు, మధ్యలో పేకముక్కలో టిఫిన్ బాక్సో పెట్టుకోవచ్చు, ఒకడు ఇటు ఒకడు అటు తిరిగి కూర్చోవచ్చు. వైట్ కూడా న్యూయార్క్ ప్లాజాల్లో ఇదే చూశాడు. 30 అంగుళాలు దాటిన గట్టుకు రెండు వైపులా జనం కూర్చుంటున్నారని కొలిచి చెప్పాడు.

అరుగులు ఎలా పోయాయో అందరికీ తెలుసు. సిమెంటు రోడ్డు మీద సిమెంటు రోడ్డు పోసి వీధి మట్టం పెరిగింది, అరుగు నేలకు దిగిపోయింది. వెడల్పు చేసిన రోడ్డు కొన్నిటిని తినేసింది, ప్రహరీ గోడ, పార్కింగు మిగతావాటిని మింగాయి. వాటి బదులు వచ్చింది సిమెంటు బెంచీ. ఫలానా వారి జ్ఞాపకార్థం అని దాత పేరు చెక్కిన ఈ బెంచీలు మన బస్టాండుల్లో, పార్కుల్లో ఎన్నో. పేరు దారిన పోయేవాళ్లకు కనబడాలి కనుక బెంచీ ఎటు తిరగాలో కూడా ఒక్కోసారి ఆ పేరే తేలుస్తుంది.

అరుగును, రచ్చబండను తలుచుకుని మురిసిపోవడం మన వ్యాసాల్లో బాగా అలవాటు. రచ్చబండ మీద ఎవరు కూర్చున్నారు, ఎవరు కింద నిలబడ్డారు, ఎవరు చెప్పులు విప్పి ఆ పక్కగా పోయారు అన్నది కలిపి చెప్పకపోతే ఆ ముచ్చట సగమే. ఆడవాళ్లకు రచ్చబండ దారిలో తలవంచుకు దాటాల్సిన చోటు. పెద్దల మాట చెల్లే ఆ కట్ట దగ్గర దళితులకు నిలబడే చోటైనా దూరంగానే దొరికింది. కొత్తగా కట్టే నగరపు గట్టు ఆ పాత గట్టు కంటే మెరుగ్గా ఉండటానికి అవకాశం ఉందంటే, అది ఎవరి ఇంటి ముందూ, ఎవరి గుడి ముందూ లేకపోవడం వల్లే. రాజమండ్రి పుష్కర ఘాట్ మెట్లు, విశాఖ ఆర్కే బీచ్ పిట్టగోడ, ముంబై మెరైన్ డ్రైవ్ గోడ ఆ పని కొంత చేస్తున్నాయి. వాటి మీద మనిషి జనంలో కలిసి ఒంటరిగా ఉండొచ్చు, పదిమందితోనూ ఉండొచ్చు. అందరూ ఒకే వైపు, నీళ్ల వైపు చూస్తుంటారు కాబట్టి పక్కవాణ్ని చూడక తప్పదన్న ఇబ్బంది లేదు. అల పెద్దది రాగానే ఏదో ఒక మాట అనుకుంటారు కూడా. అపరిచితుల మధ్య మాట పుట్టడానికి బయట ఏదో మూడోది కావాలని వైట్ అన్నది ఇలాంటిదే.

ఆడవాళ్ల విషయం విడిగా చెప్పుకోవాలి. ప్లాజాలో ఆడవాళ్ల వాటా ఎక్కువగా ఉంటే అది బాగున్నట్టే లెక్కని వైట్ గుర్తించాడు, ఎందుకంటే వాళ్లు చోటు ఎంచుకోవడంలో నిక్కచ్చిగా ఉంటారు. వియన్నాలో 1990లలో జరిగిన పరిశీలనలో తొమ్మిదేళ్లు దాటిన ఆడపిల్లలు పార్కులకు రావడం తగ్గిపోతోందని తేలింది. ఆటస్థలాన్ని ముక్కలు చేసి, దారులు పెంచి, కూర్చునే చోట్లు కలిపాక మళ్లీ వచ్చారు. ముంబై మీద శిల్పా ఫడ్కే, సమీరా ఖాన్, శిల్పా రానడే 2011లో రాసిన ‘వై లాయిటర్?’ ఇంకో అడుగు ముందుకేసింది. పని ఉన్నట్టు కనిపిస్తేనే స్త్రీకి వీధిలో చోటని, ఊరికే కూర్చోవడాన్నే హక్కుగా అడగాలని ఆ పుస్తకం వాదన. మన పార్కుల్లో ఆడవాళ్లు ఎక్కువగా నడుస్తూ కనిపిస్తారు, మగవాళ్లు కూర్చుని. వెలుతురు, రెండు వైపుల నుంచి బయటికి దారి, దగ్గర్లో శుభ్రమైన మరుగుదొడ్డి లేకపోతే ఎంత అందమైన బెంచీ వేసినా ఈ లెక్క మారదు. మరుగుదొడ్డిని ఫర్నిచర్ పద్దులో ఎవరూ రాయరు గానీ, ఒక స్త్రీ ఎంతసేపు కూర్చోగలదో తేల్చేది అదే.

నిజానికి మన నగరాల్లో కదిలే కుర్చీలు ఉన్నాయి, మున్సిపాలిటీవి కావు. టీ కొట్టు ముందు ప్లాస్టిక్ స్టూళ్లు, బజ్జీల బండి పక్క పొడుగు బల్ల, అన్నిటికంటే ఎక్కువగా ఆపి ఉన్న మోటారు సైకిళ్లు. సెంటర్ స్టాండు వేసిన బండి మీద అడ్డంగా కూర్చుని ఎదుటి బండి మీదివాడితో గంటలు మాట్లాడే కుర్రాళ్లు, ఆర్డరు కోసం ఎదురుచూసే డెలివరీ పిల్లలు తమ సీటు తామే తెచ్చుకుంటున్నారు. టీ కొట్టతను పొద్దున స్టూళ్లు వేస్తాడు, రాత్రి ఎత్తుతాడు, చెత్త ఊడుస్తాడు, వచ్చిపోయేవాళ్లను ఎరుగుతాడు. బ్రయంట్ పార్కులో జీతానికి పెట్టుకున్న మనుషుల పనంతా ఇక్కడ అతను పది రూపాయల టీ అమ్ముకుంటూ చేస్తున్నాడు. వీధి వ్యాపారుల రక్షణకు 2014లో చట్టం వచ్చింది. అయినా ఫుట్‌పాత్ సుందరీకరణ అనగానే మొదట లేచిపోయేది ఆ బండే, తర్వాత వచ్చేది ఎవరూ కూర్చోని స్టీలు బెంచీ. హైదరాబాద్ ఇరానీ హోటళ్లలో ముక్కూమొహం తెలియనివాళ్లతో ఒకే బల్ల పంచుకోవడం ఎవరికీ వింత కాదు. బల్లకు నాలుగు కుర్చీలు, ఖాళీ ఉంటే కూర్చోవడమే. అయితే ఇది డబ్బిచ్చి కూర్చునే చోటు. జేబులో రూపాయి లేనివాడికి నీడ చూపించే పని టీ కొట్టు మీద వదిలేయలేం.

అందుకే నన్నడిగితే కదిలే కుర్చీల టెండరు కంటే ముందు వెడల్పాటి గట్లు కట్టాలి. అడుగున్నర ఎత్తు, రెండున్నర అడుగుల వెడల్పు, చెట్టు చుట్టూ చప్టాగానో ఫుట్‌పాత్ అంచున గోడగానో. కొంత భాగానికి వీపు ఆనుకునే పలక, చివర పట్టుకు లేచే చెయ్యి, చక్రాల కుర్చీ వచ్చి పక్కన ఆగేందుకు ఖాళీ. రాయి, స్టీలు మన మే నెలలో సాయంత్రం ఏడింటికి కూడా ఒళ్లు కాలుస్తాయి. పైన చెక్క పలకలు వేస్తే మేలు, లేకపోతే పడమటి ఎండ తగలకుండా కానుగో వేపో ఉండాలి. కదిలే కుర్చీలు గ్రంథాలయం, మ్యూజియం, మెట్రో స్టేషన్ ఆవరణ లాంటి చోట్ల పెట్టొచ్చు, అక్కడ వాటిని సర్దే మనిషి ముందే ఉంటాడు. 2021లో ట్యాంక్‌బండ్‌ను ఆదివారం సాయంత్రాలు వాహనాలకు మూసినట్టుగా ఏదైనా వీధిని మూసినప్పుడు, ఆ కొన్ని గంటలకు మాత్రం లారీలో కుర్చీలు తెచ్చి వేసి తీసుకెళ్లొచ్చు. పెళ్లిళ్లకు మన షామియానా వాళ్లు చేసే పని అదే.

ఇంకా ఎవరూ లెక్కలోకి తీసుకోని చోటు ఒకటి ఉంది. హైదరాబాద్‌లో అడ్డా కూలీలు తెల్లవారుజాము నుంచి పని పిలుపు కోసం కూడళ్లలో కాచుకుంటారు. డివైడర్ మీద, మూసిన షాపు మెట్ల మీద, పనిముట్ల సంచి మీద కూర్చుంటారు. అదే కూడలిలో మధ్యాహ్నం ఆటోవాళ్లు, సాయంత్రం చాట్ బండి దగ్గర కాలేజీ పిల్లలు. ఒక్క పొడుగాటి గట్టు, పైన నీడ, ఒక నీళ్ల కుళాయి ఉంటే మూడు పూటలా మూడు రకాల జనానికి సరిపోతుంది. ఇలాంటి ప్రతిపాదనకు ఇంజనీర్ల నుంచి వచ్చే అభ్యంతరం సాధారణంగా ఖర్చు గురించి ఉండదు. చోటిస్తే అక్కడే కూర్చుండిపోతారు సార్ అంటారు.